ఏడాదికి ఎన్ని అల్ట్రాలు? మనకోసం ఎన్ని, మిత్రుల కోసం ఎన్ని?

జనవరిలో ముంబయి మారథాన్ ముగిసిందో లేదో రన్నర్ల వాట్సాప్ గ్రూపుల్లో లెక్కలు మొదలవుతాయి. ఫిబ్రవరిలో లోనావలా, జూన్‌లో దక్షిణాఫ్రికా, ఆగస్టు చివర్లో హైదరాబాద్, సెప్టెంబరులో లద్దాఖ్, ఆ తర్వాత మల్నాడు కాఫీ తోటలు, డిసెంబరులో జైసల్మేర్ ఎడారి. వీటికి తోడు "నా మొదటి వంద కిలోమీటర్లకు నువ్వు పక్కన ఉండాలి" అని అడిగే మిత్రులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఒప్పుకోవడం తేలికే. డిసెంబరు వచ్చేసరికి మోకాలు సహకరించదు, సెలవులు అయిపోతాయి, ఇంట్లో విసుగు మొదలవుతుంది. మాట ఇచ్చిన మిత్రుడి పరుగుకు కూడా వెళ్లలేని పరిస్థితి వస్తుంది.

పదేళ్ల కిందటితో పోలిస్తే మన దేశంలో దూర పరుగులు చాలా పెరిగాయి. వాటితోపాటు ఒక పాత ప్రశ్న కొత్తగా ముందుకొచ్చింది. ఒక శరీరం ఏడాదికి ఎన్నిసార్లు ఇంత దూరం పరుగెత్తగలదు? అందులో ఇతరుల కోసం పరుగెత్తేది ఎంత ఉండొచ్చు? ఉద్యోగం, కుటుంబం ఉన్న సాధారణ రన్నర్ కోణం నుంచి దీన్ని చూద్దాం.

అల్ట్రా అంటే ఏమిటి

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. అంతకు మించిన ఏ పరుగైనా అల్ట్రా మారథానే. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది దూరం ముందే నిర్ణయించేది: 50 కి.మీ., 100 కి.మీ., 100 మైళ్లు అంటే దాదాపు 161 కి.మీ. రెండోది కాలం నిర్ణయించేది: 12 గంటలు, 24 గంటలు. ఈ రెండో రకంలో స్టేడియంలోనో చిన్న చుట్టు దారిలోనో తిరుగుతూ గడువులోగా ఎవరు ఎంత దూరం పోగలరో చూస్తారు. 2022 జులైలో బెంగళూరులో జరిగిన ఆసియా–ఓషియానియా 24 గంటల ఛాంపియన్‌షిప్‌లో అమర్ సింగ్ దేవందా 272 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి జాతీయ రికార్డు నెలకొల్పాడు. భారత పురుషుల జట్టు కూడా స్వర్ణం గెలిచింది. తిండి, నీళ్లు, మూత్ర విరామాలు అన్నీ కలుపుకుని ఒక పగలూ రాత్రీ గంటకు 11 కి.మీ. పైబడిన సగటు అది.

మామూలు రన్నర్లకు ముఖ్యమైనది రికార్డు కాదు, కటాఫ్. అంటే ముగించడానికి ఇచ్చే గడువు. లద్దాఖ్‌లోని 72 కి.మీ. ఖర్దుంగ్ లా ఛాలెంజ్‌కు 14 గంటల గడువుంది. లెక్కేస్తే గంటకు 5 కి.మీ. పైచిలుకు. చదును నేల మీద అది వేగంగా నడిచే నడకే. అమెరికాలో వెస్టర్న్ స్టేట్స్ పరుగు 100 మైళ్లకు 30 గంటలిస్తుంది. అదీ దాదాపు అంతే. అంటే అల్ట్రాలో అసలు పరీక్ష వేగం కాదు. ఎండలో, చలిలో, నిద్ర లేకుండా, కడుపు తిప్పుతున్నా ఆగకుండా కదులుతూ ఉండగలగడం. ఏడాది ప్రణాళిక కూడా ఈ విషయం నుంచే మొదలవ్వాలి.

ఏడాదికి ఒక్కటే పెద్ద పండగ

అనుభవజ్ఞులైన కోచ్‌లు పరుగుల్ని మూడు తరగతులుగా విడదీస్తారు. మొదటిది ప్రధాన పరుగు. ఏడాది శిక్షణంతా దాని కోసమే. ఇది ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు. రెండోది సన్నాహక పరుగు. ప్రధాన పరుగుకు వాడబోయే బూట్లు, తిండి, లైటు, వేగం సరిపోతాయో లేదో తేల్చుకోవడానికి. మూడోది సరదాకో స్నేహానికో చేసేది. అక్కడ మన టైమింగ్‌తో పనిలేదు.

చాలామంది చిక్కుకుపోయేది ఈ మూడింటి మధ్య గీత చెరిగిపోయినప్పుడే. సన్నాహకంగా మొదలుపెట్టిన 50 కి.మీ. పరుగులో పక్కవాడు దాటిపోగానే పంతం పుడుతుంది. మిత్రుడికి తోడుగా వెళ్లిన చోట సొంత రికార్డు గుర్తొస్తుంది. అలా ఏడాదికి ఆరు పరుగులూ ప్రధాన పరుగులైపోతాయి. కండరాలు పది రోజుల్లో తేరుకున్నట్టు అనిపించవచ్చు. కానీ స్నాయువులు, ఎముకలు, నిద్ర, రోగనిరోధక శక్తి అంత త్వరగా కోలుకోవు. పాదం ఎముకలో సన్నని పగులు, పిక్క కింద స్నాయువు వాపు లాంటివి ఒక్క పరుగుతో వచ్చే గాయాలు కావు. కోలుకోకముందే మళ్లీ మళ్లీ పరుగెత్తితే వచ్చేవి.

అందుకే ముందు ప్రధాన పరుగు తేదీ ఖాయం చేసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావడం మంచి పద్ధతి. పరుగుకు ముందు రెండు మూడు వారాలు దూరం తగ్గించాలి. అంతకు ముందు 12 నుంచి 16 వారాలు అసలు శిక్షణ. పరుగు తర్వాత కనీసం మూడు నాలుగు వారాలు కోలుకోవడానికి. అన్నీ కలిపితే ఒక్క పెద్ద పరుగు నాలుగు నుంచి ఆరు నెలల్ని తినేస్తుంది. ఏడాదికి రెండింటికి మించి ఎందుకు వద్దంటారో ఈ కూడికే చెబుతుంది.

లద్దాఖ్ లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉద్యోగం చేసే రన్నర్ ఈ ఏడాది ఖర్దుంగ్ లా పరుగెత్తాలనుకున్నారనుకోండి. ఇది 2012లో మొదలైన లద్దాఖ్ మారథాన్ ఉత్సవంలో భాగం. సెప్టెంబరులో జరుగుతుంది. పరుగు సుమారు 4,000 మీటర్ల ఎత్తులోని ఖర్దుంగ్ గ్రామంలో తెల్లవారుజామున 3 గంటలకు, చీకట్లో మొదలవుతుంది. 30 కి.మీ. పైగా ఎక్కితే 5,300 మీటర్లు దాటిన కనుమ వస్తుంది. అక్కడ గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగమే. ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఒంటికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. అక్కడి నుంచి 40 కి.మీ. దిగితే 3,500 మీటర్ల ఎత్తులో లేహ్.

ఈ ఎత్తుకు హైదరాబాద్‌లో ఎంత పరుగెత్తినా శరీరం సిద్ధం కాదు. ముందుగా వెళ్లి అక్కడ ఉండటమే మార్గం. మొదటి రెండు రోజులు దాదాపు పూర్తి విశ్రాంతి. తర్వాత మెల్లగా నడక. ఆ తర్వాతే చిన్న పరుగులు. పది రోజుల నుంచి రెండు వారాలు పక్కన పెట్టుకోవాలి. తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం ఎత్తు పడకపోవడానికి తొలి గుర్తులు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, మాట తడబడితే, అడుగు తూలితే వెంటనే కిందికి దించాలి. ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతోందనడానికి అవి సూచనలు. అక్కడ ఆలస్యం ప్రాణాంతకం.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివరి ఆదివారం. లద్దాఖ్ పరుగుకు ఎత్తు అలవాటు కావాలంటే దాదాపు అదే సమయానికి లేహ్ చేరాలి. సొంతూరి మారథాన్‌లో మిత్రుడికి 42 కి.మీ. పేసింగ్ చేసి, మర్నాడు విమానమెక్కి, రెండు వారాల్లో 72 కి.మీ. పరుగెత్తుతాననడం కాగితం మీదే బాగుంటుంది. మిత్రుడికి ఆగస్టు పరుగులో తోడు రాలేనని మార్చిలోనే చెప్పి, జూన్, జులైల్లో అతని దీర్ఘ పరుగులకు మూడు నాలుగు ఆదివారాలు వెంట వెళ్తే ఇద్దరికీ మేలు. ఆ పరుగులు మన శిక్షణలోనూ కలుస్తాయి.

జూన్‌లో కామ్రేడ్స్, సెప్టెంబరులో ఖర్దుంగ్ లా రెండూ చేద్దామనుకునేవారూ ఉంటారు. మధ్యలో సుమారు 13 వారాలు. కోలుకోవడానికి నాలుగు, చివర్లో దూరం తగ్గించడానికి, ఎత్తు అలవాటుకు రెండు వారాలు తీసేస్తే శిక్షణకు మిగిలేది ఏడు వారాలే. రెండింటిలో ఒకదాన్ని ముగిస్తే చాలనుకునే పరుగుగా ఒప్పుకోగలిగితే ఫరవాలేదు. రెండింటా సత్తా చూపాలనుకుంటేనే ప్రమాదం.

మన ఎండలు, మన రోడ్లు

తెలుగు రాష్ట్రాల్లో శిక్షణకు పెద్ద అడ్డంకి ఏప్రిల్, మే నెలలు. జూన్ పరుగుకు సిద్ధమయ్యేవారికి అత్యధిక దూరాలు పడేది సరిగ్గా అప్పుడే. తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరినా 8 గంటలకల్లా ఎండ నెత్తికెక్కుతుంది. కోస్తాలో ఉక్కపోత అదనం. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందువల్ల ఒకేరోజు 45 కి.మీ. చేసేకన్నా శనివారం 28, ఆదివారం 20 అని విడగొట్టుకోవడం మంచిది. అలసిన కాళ్లతో మర్నాడు కదలడం అల్ట్రాకు కావలసిన అసలు అభ్యాసం కూడా.

ఎక్కుడు అలవాటు కావడానికి ఉన్న వనరులు వాడుకోవాలి. అలిపిరి నడకదారిలో 3,550 మెట్లున్నాయి. వికారాబాద్ దగ్గర అనంతగిరి, విశాఖలో కైలాసగిరి, సింహాచలం మెట్లు, అరకు ఘాట్ రోడ్డు ఉన్నాయి. దిగడం కూడా సాధన చేయాలి. తొడ కండరాలు ఎక్కువ దెబ్బతినేది దిగేటప్పుడే. ఖర్దుంగ్ లాలో సగానికిపైగా దిగుడే.

ఇక రోడ్డు. పరుగుకు సంబంధించిన ప్రమాదాల్లో మనం తక్కువగా మాట్లాడుకునేది వాహనాల గురించే. నూరేళ్లు దాటాక కూడా మారథాన్ పరుగెత్తి ప్రపంచానికి పరిచయమైన ఫౌజా సింగ్ 2025 జులైలో పంజాబ్‌లో తన ఊరి దగ్గర రోడ్డు దాటుతూ వాహనం ఢీకొని మరణించాడు. చీకట్లో పరుగెత్తేవారు వెలుగు పడితే మెరిసే జాకెట్, ముందూ వెనకా లైటు లేకుండా బయటికి రాకూడదు. జాతీయ రహదారి అంచు శిక్షణ స్థలం కాదు. చెవుల్లో పాటలు అక్కర్లేదు.

మహిళల విషయంలో ఈ లెక్క ఇంకా కఠినం. తెల్లవారుజామున 3 గంటలకు ఒంటరిగా పరుగెత్తడం మన నగరాల్లో ఎంతమందికి సాధ్యం? రాత్రి శిక్షణ లేకుండా రాత్రంతా సాగే పరుగుకు సిద్ధం కాలేరు. వారికి తోడు పరుగెత్తేవారు దొరకడం సరదా వ్యవహారం కాదు. ఆ ఏడాది అల్ట్రా సాధ్యమా కాదా అన్నది తేల్చేదే అది. మిత్రుల కోసం కేటాయించే రోజులు వేసుకునేటప్పుడు పతకం వేసుకునే రోజునే కాకుండా ఈ చీకటి ఆదివారాల్ని కూడా లెక్కించాలి.

పేసర్ అంటే ఎవరు

నగర మారథాన్లలో పేసర్ అంటే టైమింగ్ రాసిన జెండా పట్టుకుని ఒకే వేగంతో పోయే వ్యక్తి. నిర్వాహకులే నియమిస్తారు. అతని వెంట పోతే 4 గంటల 30 నిమిషాల్లో చేరతామన్నది భరోసా. అల్ట్రాలో పేసర్ వేరు. సగం దాటాక, ఎక్కువగా రాత్రి వేళ, ఒకే రన్నర్‌కు తోడుగా చేరి చివరిదాకా వెంట వెళ్లే మిత్రుడు. దారిలో ఆగే చోట తిండి, బట్టలు అందించేవారు మరో రకం. వారిని క్రూ అంటారు.

ఈ తోడు అన్నిచోట్లా కుదరదు. వెస్టర్న్ స్టేట్స్‌లో 62వ మైలు దగ్గర ఫారెస్ట్‌హిల్ నుంచి పేసర్‌ను అనుమతిస్తారు. కానీ పేసర్ రన్నర్ నీళ్లూ సంచీ మోయకూడదు. కొలరాడోలోని లెడ్‌విల్ 100 మైళ్ల పరుగులో మోయొచ్చు. అది గనుల ఊరు. కంచరగాడిదల మీద సరుకు మోసిన గని కార్మికుల జ్ఞాపకంగా ఆ ఆనవాయితీ వచ్చింది. ఆల్ప్స్ పర్వతాల్లో మోఁ బ్లాఁ చుట్టూ సాగే యూటీఎంబీలో పేసర్లకు అసలు అనుమతే లేదు. నిర్దేశించిన చోట్ల క్రూ సాయం మాత్రమే. మన దేశంలో ఒక్కో పరుగుది ఒక్కో నిబంధన. రిజిస్ట్రేషన్ రుసుము కట్టకముందే నియమావళి చదివి, అనుమానముంటే నిర్వాహకుల్ని రాతపూర్వకంగా అడగడం ఉత్తమం. మిత్రుడి ఉత్సాహం మన అనర్హతకు కారణం కాకూడదు.

దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ పద్ధతి భిన్నం. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన సైనికుల స్మృతిగా 1921లో మొదలైన ఈ పరుగు డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య జరుగుతుంది. 1893లో గాంధీజీని రైలు నుంచి దింపేసిన ఊరు ఈ పీటర్‌మారిట్జ్‌బర్గే. ఒక ఏడాది ఎగువకు, మరో ఏడాది దిగువకు, దాదాపు 86 నుంచి 90 కి.మీ. గడువు 12 గంటలు. సరిగ్గా 12 గంటలకు అధికారి రన్నర్లకు వీపు చూపిస్తూ తుపాకీ పేలుస్తాడు. ఒక్క సెకను ఆలస్యమైనా ముగించినట్టు కాదు. బయటివారు వచ్చి తోడు పరుగెత్తడానికి వీల్లేదు. అందుకే పోటీలో ఉన్నవారే గుంపులు కడతారు. వాటిని బస్సులంటారు. ముందు జెండా పట్టుకున్నవాడు డ్రైవరు. ఎక్కడ నడవాలో, ఎక్కడ పరుగెత్తాలో అతనే చెబుతాడు. తెలిసినవారు, తెలియనివారు వందలమంది అతని వెనకే పాడుకుంటూ వెళ్తారు. మంచి డ్రైవరు తన సొంత వేగం కన్నా బాగా నెమ్మదిగా పోతాడు. పేసింగ్‌లోని కిటుకంతా అందులోనే ఉంది.

సాయం ఎక్కడ ఆగాలి

పేసింగ్ చరిత్రలో తప్పకుండా చెప్పుకునే సంఘటన 2006 వెస్టర్న్ స్టేట్స్‌లో జరిగింది. బ్రయన్ మారిసన్ అందరికన్నా ముందు ఆబర్న్‌లోని స్టేడియంలోకి అడుగుపెట్టాడు. మిగిలింది కొన్ని వందల మీటర్లు. ట్రాక్ మీద పలుమార్లు కుప్పకూలాడు. వెంట ఉన్న మిత్రులు లేపి నిలబెట్టి గీత దాటించారు. ఆ పేసర్లలో ఈ పరుగును ఏడుసార్లు గెలిచిన స్కాట్ జురెక్ కూడా ఉన్నాడు. నిబంధన ప్రకారం మారిసన్ అనర్హుడయ్యాడు. విజేతగా గ్రాహం కూపర్‌ను ప్రకటించారు. పదేళ్ల తర్వాత, 2016లో మారిసన్ మళ్లీ వచ్చి ఆ పరుగు పూర్తి చేశాడు.

జురెక్ లాంటివాడికి నిబంధన తెలియక కాదు. కళ్ల ముందు మిత్రుడు పడిపోతుంటే చేతులు వాటంతటవే ముందుకు వెళ్తాయి. ఈ కథలో నేర్చుకోవాల్సింది తప్పెవరిదన్నది కాదు. ఏ క్షణంలో ఏం చేయాలో పరుగుకు ముందే, తల చల్లగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలన్నది. 90 కి.మీ. దాటిన రన్నర్ మెదడు సరైన నిర్ణయం తీసుకునే స్థితిలో ఉండదు. పేసర్ మనసు కూడా ప్రేమ వైపో పంతం వైపో మొగ్గుతుంది.

రాత్రి రెండు గంటలకు పేసర్ పని

ఉత్సాహపరచడం పేసర్ పనిలో చిన్న భాగం. పెద్ద భాగం గమనించడం. గంటకోసారి అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. "అన్నా, చివరిసారి ఏం తిన్నావు?" "మూత్రం ఎప్పుడు పోశావు? ఏ రంగులో ఉంది?" "చేతులు ఉబ్బాయా?" సమాధానం ఎంత, ఎలా వచ్చిందో రెండూ చూడాలి.

మూత్రం ముదురు గోధుమ రంగులో, కోలా పానీయంలా ఉంటే కండరాలు చితికి ఆ పదార్థం మూత్రపిండాల్లోకి చేరుతోందని అర్థం. అక్కడితో పరుగు ఆపి వైద్యుణ్ని కలవాలి. చేతి వేళ్లు ఉబ్బి, తల నొప్పి, వికారం, అయోమయం కనిపిస్తే ఎక్కువ నీళ్లు తాగి రక్తంలో సోడియం పలచబడిందేమో అనుమానించాలి. అలాంటప్పుడు ఇంకా నీళ్లు తాగించడం ప్రమాదం. దాహమేస్తేనే తాగడం, ఉప్పు ఉన్నది తినడం మంచి అలవాటు. ఒళ్లు కాలుతూ మాట తేడాగా ఉంటే వడదెబ్బ. ముందు నీడ, ఒంటి మీద చల్లని నీళ్లు, మంచు. తర్వాతే ఆసుపత్రి ప్రయాణం.

నొప్పి మాత్రల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన సంచుల్లో బ్రూఫెన్ దొరకనిదెప్పుడు? 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో 80 కి.మీ. అల్ట్రాలో కొందరికి ఇబుప్రొఫెన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఇబుప్రొఫెన్ వేసుకున్నవారిలో 52 శాతం మందిలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 34 శాతం మందిలో మూత్రపిండాలకు తాత్కాలిక దెబ్బ కనిపించింది. పరుగే మూత్రపిండాలకు పరీక్ష. మాత్ర ఆ భారాన్ని పెంచేలా ఉంది. మిత్రుడు అడిగినా ఇవ్వకపోవడమే పేసర్ ధర్మం.

తిండి విషయంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం చాలామంది కడుపు భరిస్తుంది. సాధన చేసినవారు 90 గ్రాముల దాకా వెళ్తారు. ఖరీదైన జెల్లే కానక్కర్లేదు. అరటిపండు, ఉప్పు చల్లిన ఉడికిన బంగాళాదుంప, ఖర్జూరం, పల్లీపట్టీ, చిన్న డబ్బాలో పెరుగన్నం చక్కగా పనిచేస్తాయి. పరుగు రోజున మాత్రం కొత్త తిండి జోలికి పోకూడదు.

పేసర్ తన గురించీ ఆలోచించాలి. రాత్రి 40 కి.మీ. నెమ్మదిగా పోవడం తేలిక కాదు. అలవాటు లేని నడకలో తుంటి పట్టేస్తుంది. సొంత లైటు, బ్యాటరీ, జాకెట్, తిండి తనవి తనకే ఉండాలి. పేసర్ కుప్పకూలితే రన్నర్ పరుగు కూడా అక్కడే ముగుస్తుంది.

ఆగడం కూడా ప్రణాళికలో భాగమే

2021 మే 22న చైనా గాన్సు రాష్ట్రంలో 100 కి.మీ. కొండ పరుగు జరిగింది. పాల్గొన్నది 172 మంది. మధ్యాహ్నానికి ఎత్తయిన ప్రాంతంలో వడగళ్లు, చలివాన, ఈదురుగాలి విరుచుకుపడ్డాయి. చాలామంది ఒంటి మీద పొట్టి నిక్కరు, పలుచని చొక్కానే ఉన్నాయి. గాలి ఆపే జాకెట్ తప్పనిసరి వస్తువుల జాబితాలో లేదు. శరీరం చల్లబడిపోయి 21 మంది మరణించారు. వారిలో చైనాలో పేరున్న అల్ట్రా రన్నర్ లియాంగ్ జింగ్ ఒకడు. ఝు కెమింగ్ అనే గొర్రెల కాపరి ఆరుగురిని గుహలోకి చేర్చి, మంట వేసి కాపాడాడు.

చనిపోయినవారు అనుభవం లేనివారు కాదు. నిర్వాహకుల లోపాలున్నాయి, శిక్షలూ పడ్డాయి. రన్నర్లు నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. నిర్వాహకులు అడగకపోయినా మన సంచిలో మన ప్రాణానికి కావలసినవి ఉండాలి. ఆగాల్సిన గీత ముందే గీసుకోవాలి. పరుగుకు ముందు రోజు రన్నరూ పేసరూ కూర్చుని మూడు నాలుగు షరతులు రాసుకోవాలి. మాట తడబడితే, వణుకు ఆగకపోతే, రెండు గంటలు ఏమీ కడుపులో నిలవకపోతే, మూత్రం రంగు మారితే ఆపే అధికారం పేసర్‌దే. అప్పుడు వాదన ఉండదు. రన్నర్ మాట ఇవ్వాలి. తర్వాత నెలల తరబడి నిష్ఠూరం ఆడకూడదు కూడా.

ఒక ఏడాది నమూనా

ఇవన్నీ కలిపి సెప్టెంబరు లద్దాఖ్ ప్రధాన పరుగుగా పెట్టుకున్న రన్నర్ ఏడాది ఇలా ఉండొచ్చు. జనవరిలో వారానికి 40 నుంచి 50 కి.మీ. తేలిక పరుగులు. ఫిబ్రవరిలో లోనావలా 50 కి.మీ. సన్నాహకం. మార్చిలో విశ్రాంతి. ఏప్రిల్, మేలో దూరం పెంచకుండా మెట్లు, బలం పెంచే వ్యాయామం. జూన్ నుంచి ఆగస్టు మధ్యదాకా అసలు శిక్షణ. వారానికి 60 నుంచి 80 కి.మీ., ప్రతి నాలుగో వారం దూరం తగ్గింపు. ఇందులో రెండు మూడు రాత్రి పరుగులు మిత్రుల కోసం, వారి వేగంతో. ఆగస్టు చివర లేహ్ ప్రయాణం. సెప్టెంబరులో పరుగు. అక్టోబరు కోలుకోవడానికి. నవంబరులోనో డిసెంబరులోనో మిత్రుడి వంద కిలోమీటర్లకు పేసర్‌గానో క్రూగానో. అంతే.

ఇందులో సొంత పరుగులు రెండు, మిత్రుడి కోసం పెద్ద బాధ్యత ఒకటి. తక్కువగా కనిపిస్తుంది. కానీ పేసింగ్‌ను కూడా శరీరం మోసే భారంగానే లెక్కేస్తే ఇదే నిండు ఏడాది. ప్రధాన పరుగుకు ముందు నాలుగు వారాల్లో, తర్వాత నాలుగు వారాల్లో ఎవరికీ పేసింగ్ మాట ఇవ్వకూడదన్న ఒక్క నియమం పాటిస్తే సగం చిక్కులు తీరతాయి.

ఇంటివారి లెక్క కూడా ఈ కాగితం మీదే ఉండాలి. రెండు వారాల లద్దాఖ్ సెలవు అంటే పిల్లల స్కూలు, పెద్దల మందులు ఎవరో ఒకరు చూసుకోవాలి. ఆదివారం ఉదయం ఐదు గంటల పరుగు అంటే ఇంట్లో ఇంకెవరిదో ఆదివారం పోయినట్టు. క్యాలెండర్ ఫ్రిజ్ తలుపు మీద అంటించి అందరి సంతకం తీసుకునే రన్నర్లు ఉన్నారు. నవ్వుకోవచ్చు గానీ ఆ పద్ధతిలో తెలివుంది.

పతకాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం సులువు. ఏడాది చివర అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. వచ్చే జనవరికి ఒళ్లు మళ్లీ పరుగెత్తే స్థితిలో ఉందా? మాట ఇచ్చిన మిత్రుడి పక్కన ఉండగలిగామా? ఆపాల్సి వచ్చినప్పుడు ఆపగలిగామా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగితే ఒక్క పరుగే పూర్తి చేసినా అది మంచి ఏడాదే.